బరంపురం నుంచి హైదరాబాద్: ఆకాశంలో గంటా పావు, గుమ్మం నుంచి గుమ్మానికి ఒక పగలు

ఒడిశాలోని మా బరంపురం నుంచి హైదరాబాద్‌కి విమాన దూరం ఎంత అని ఫోన్‌లో వెతికితే చటుక్కున జవాబొస్తుంది. సుమారు 710 కిలోమీటర్లు, ప్రయాణం గంటకు కాస్త తక్కువ. అది చూసినవాళ్లు మా ఊళ్లో విమానమెక్కి, ఒక కునుకు తీసేలోపు శంషాబాద్‌లో దిగిపోవచ్చనుకుంటారు. మేం బయల్దేరేనాటికి అసలు అలాంటి విమానమే లేదు. ఊరి పక్కన రంగేయిలుండాలో ఎయిర్‌స్ట్రిప్ ఉంది గానీ దాని రన్‌వే చిన్న విమానాలకే సరిపోతుంది. మరి ఆ గంట ఎక్కడిదంటే, రెండు ఊళ్ల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని కంప్యూటర్ కట్టిన లెక్క. మధ్య దూరాన్ని ఎనిమిది వందల చిల్లర వేగంతో భాగిస్తుంది, అంతే. ఎక్కడానికి విమానం ఉందా లేదా అన్నది దానికి అక్కర్లేదు.

మాఘమాసంలో పిన్ని కూతురి పెళ్లి. మియాపూర్‌లో ఇల్లు, అక్కడికి దగ్గర్లోనే కల్యాణ మండపం. మా గంజాం జిల్లా తెలుగువాళ్లకి హైదరాబాద్ అంటే రైలే. ఫలక్‌నుమా, విశాఖ, కోణార్క్, ఈస్ట్ కోస్ట్, ఏదో ఒకటి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికో మధ్యాహ్నానికో దింపేస్తాయి. దాదాపు 975 కిలోమీటర్లు, బండిని బట్టి పదహారు గంటలు అటూ ఇటూ. ఈసారి అది కుదర్లేదు. 2024 నవంబర్ నుంచి రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తున్నారు. ముహూర్తాల రోజులు కావడంతో తెరిచిన పూటే లోయర్ బెర్తులన్నీ ఎగిరిపోయాయి. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మిడిల్ బెర్త్ ఎక్కలేదు, సైడ్ లోయర్‌లో కాళ్లు చాపుకోలేదు. కొట్టు మూసి నాలుగు రోజులు వెళ్తున్నాం, ఆ నాలుగింట్లో రెండు ఆవిడ నొప్పులతో పోతే ఎలా అని విమానం వైపు చూశాను.

అక్కడ మొదలైంది అసలు తలనొప్పి. మాకు ఈశాన్యాన భువనేశ్వర్ 170 కిలోమీటర్లు. దక్షిణాన విశాఖ రైల్లో 277. హైదరాబాద్ ఉన్నదేమో నైరుతి దిక్కున. భువనేశ్వర్ దగ్గరే, కానీ అటు వెళ్లడమంటే వెళ్లాల్సిన ఊరికి వీపు చూపించి నడవడమే. నేను ఈ మాట అంటే అమ్మ ఒక్కసారిగా నవ్వింది. "ఏటిరా, అంత దూరం ఎనక్కెల్లి మల్లీ మన నెత్తి మీంచే ముందుకొస్తామా? ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది."

ఆవిడ మాట సరదాకే అన్నా నిజంగా నెత్తి మీంచే వస్తామా అని నాకు అనుమానం పట్టుకుంది. కొట్లో గిరాకీ లేని వేళ బిల్లు పుస్తకం వెనకాల లెక్క వేశాను. హైస్కూల్ భూగోళం, పైథాగరస్ గుర్తుంటే చాలు. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. రేఖాంశంలో డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర అంతే ఉన్నా, పైకి వచ్చేకొద్దీ తగ్గుతుంది, మన ప్రాంతంలో 105 చిల్లర. భువనేశ్వర్ విమానాశ్రయానికీ శంషాబాద్‌కీ అక్షాంశాల్లో తేడా 3 డిగ్రీల పైన, అంటే 335 కిలోమీటర్లు. రేఖాంశాల్లో తేడా దాదాపు 7.4 డిగ్రీలు, అంటే 780. రెంటినీ వర్గం చేసి కూడి వర్గమూలం తీస్తే 850 దగ్గరకొచ్చింది. తర్వాత ఇంటర్నెట్‌లో చూస్తే రెండు మూడు కిలోమీటర్ల తేడాతో అదే అంకె. భూమి గుండ్రం కాబట్టి అమెరికా దాకా లెక్క కట్టాలంటే ఈ పద్ధతి పనికిరాదు గానీ హైదరాబాద్ దాకా దివ్యంగా సరిపోతుంది. ఇదే పద్ధతిలో విశాఖ నుంచి శంషాబాద్ 510 చిల్లర వచ్చింది.

కూడికలు చూడండి. భువనేశ్వర్ మీదుగా వెళ్తే రోడ్డు 170, ఆకాశం 850, మొత్తం వెయ్యి దాటింది. విశాఖ మీదుగా వెళ్తే రైలు 277, ఆకాశం 510, ఎనిమిది వందల లోపే. కాకి లెక్కన నేరుగా 710. కిలోమీటర్లు చూస్తే విశాఖకే ఓటు. కానీ విమానంలో 340 కిలోమీటర్లు ఎక్కువ వెళ్లడమంటే పాతిక నిమిషాలు. నేల మీద 107 కిలోమీటర్లు ఎక్కువ వెళ్లడమంటే గంటన్నరా రెండు గంటలు. పైగా భువనేశ్వర్ వైపు అయితే ఇంటి గుమ్మంలో కారెక్కిస్తే విమానాశ్రయం గుమ్మంలో దింపుతుంది, అమ్మ మెట్లెక్కే పని లేదు. అందుకని వెళ్లేటప్పుడు భువనేశ్వర్, వచ్చేటప్పుడు విశాఖ అని తేల్చాను. వచ్చేటప్పుడు కూడా భువనేశ్వర్ ఎందుకు కాదంటే, నాకు దొరికిన విమానం అక్కడ దిగేసరికి రాత్రి పదవుతుంది. ఆ తర్వాత చిలికా పక్కన చీకట్లో మూడు గంటలు కార్లో రావడం నాకు ఇష్టం లేదు.

మ్యాపు మీద భువనేశ్వర్ నుంచి శంషాబాద్‌కి స్కేలు పెట్టి గీత గీస్తే ఇంకో తమాషా కనిపించింది. ఆ గీత భంజనగర్ దగ్గర్నుంచి పోయి, రాయగడ పక్క నుంచి, జయపురం పక్క నుంచి ఛత్తీస్‌గఢ్ అడవులు దాటి గోదావరి మీదుగా తెలంగాణలోకి దిగుతుంది. రాయగడలో మా అక్కావాళ్లు ఉంటారు. బావగారికి ఫోన్ చేసి చెబితే, "మా ఇంటి మీంచి పోయే విమానం ఎక్కాలంటే నేను నాలుగు గంటలు రైల్లో కూర్చుని విశాఖ వెళ్లాలి బావా" అన్నారు. జయపురంలో 2022లో తొమ్మిది సీట్ల చిన్న విమానం మొదలైనప్పుడు కోరాపుట్ జిల్లావాళ్లు పడ్డ సంబరం వెనక ఉన్నది ఇదే బాధ. ఎవరెవరో మన మీంచి ఎగిరిపోతుంటారు, మనకి ఎక్కే చోటు ఉండదు.

టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ కావాలని టిక్ పెట్టాను. దానికి డబ్బులు తీసుకోరు, ముందుగా చెప్పాలంతే. ఇంట్లో పెద్దవాళ్లుంటే మొహమాటపడకండి. విమానాశ్రయంలో నడక ఎంత ఉంటుందో రైల్వే స్టేషన్‌కి అలవాటుపడ్డ మనకి తెలీదు.

పొద్దున్న ఎనిమిదిన్నరకి బయల్దేరాం. విమానం రెండూ పదికి. అంత ముందుగానా అని తమ్ముడు నవ్వాడు. లెక్క చెప్పాను: కౌంటర్ బయల్దేరే టైముకి గంట ముందు మూసేస్తారు, గేటు పాతిక నిమిషాల ముందు మూసేస్తారు. అంటే మన గడువు రెండూ పది కాదు, ఒంటిగంటా పది. దానికి వీల్‌చైర్ తెచ్చే టైము, హైవే మీద లారీ ఏదైనా అడ్డం పడితే దాని టైము కలుపుకోవాలి. ఛత్రపురం, ఋషికుల్య వంతెన, హుమ్మ ఉప్పు మడులు, రంభ దాటాక కుడి పక్కన చిలికా. బాలుగావ్‌లో టీకి ఆగాం. అమ్మ డ్రైవర్‌తో ఒడియాలో పీతల ధర గురించి పెద్ద చర్చ పెట్టింది, పెళ్లికి వెళ్తున్నామన్న సంగతి మరిచిపోయి. పన్నెండింటికి భువనేశ్వర్ చేరాం. అక్కడి విమానాశ్రయం ఊరి మధ్యలోనే ఉంటుంది, అదొక వరం. కారుకి ఇచ్చింది మాత్రం ఒక టికెట్ ధరలో సగం పైనే.

కౌంటర్ దగ్గర అమ్మాయి సామాను బెల్టు మీద పెట్టమని, అలవాటుగా ఒక జాబితా చదివింది. పవర్ బ్యాంక్ ఉందా, లైటర్ ఉందా, ఎండుకొబ్బరి ఉందా. అమ్మ మొహంలో రంగు మారింది. సారెలో పెట్టడానికి పసుపు రాసిన కురిడీలు పెద్ద సంచీడు పెట్టెలో ఉన్నాయి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తొందరగా అంటుకుంటుంది, అందుకే విమానంలో పెట్టెలోనూ వద్దంటారు, చేతి సంచిలోనూ వద్దంటారు. "పెళ్లికూతురికమ్మా, శుభమా అని తీసుకెళ్తన్నాను" అని అమ్మ తెలుగులో, వెంటనే ఒడియాలో. ఆ అమ్మాయి పాపం చాలా మర్యాదగానే, వద్దని తల అడ్డంగా ఊపింది. పక్కకి జరిగి పెట్టె విప్పాం. పట్టుచీరలు, స్వీటు డబ్బాలు, వాటి అడుగున పాత ధోవతి గుడ్డలో మూటకట్టిన కురిడీలు. డ్రైవర్ ఇంకా పార్కింగ్‌లోనే ఉన్నాడు, ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్లాడు. అవి ఆ రాత్రికే బరంపురం వెనక్కి చేరాయి. హైదరాబాద్‌లో కురిడీలు దొరకవా అంటే దొరుకుతాయి, కానీ అమ్మ పసుపు రాసినవి కావు కదా. ఆ సంగతి పెళ్లి అయ్యేదాకా కనీసం పదిమందికి చెప్పింది.

ఇక్కడికి ఇరవై నిమిషాలు పోయాయి. అంత ముందుగానా అన్న తమ్ముడికి ఈ ముక్క ఫోన్‌లో చెప్పాను.

విమానం యాభై నిమిషాలు లేటు. కారణం అడిగితే ముందు ట్రిప్పు నుంచి రావాల్సిన విమానం రాలేదన్నారు. చిన్న దూరాల విమానాల్లో ఇది మామూలే. ఒకే విమానం పొద్దున్నుంచి ఐదారు ఊళ్లు తిరుగుతుంది, ఎక్కడో పది నిమిషాలు జారితే సాయంత్రానికి అది గంటవుతుంది. పొద్దున మొదటి విమానాలకి ఈ బెడద తక్కువ. లేటైతే ఏమైనా పెడతారేమోనని కొందరు ఎదురుచూశారు. విమానయాన సంస్థల్ని నియంత్రించే డీజీసీఏ నిబంధన ప్రకారం మాలాంటి దగ్గరి ప్రయాణాలకి ఆలస్యం రెండు గంటలు దాటితేనే ఫలహారం ఇవ్వాలి. మాకు ఆ చింత లేదు, పులిహోర ఉంది.

కూర్చున్నాక టికెట్ మీద సమయం మళ్లీ చూశాను. రెండూ పది నుంచి మూడూ యాభై ఐదు. గంటా నలభై ఐదు నిమిషాలు. 850 కిలోమీటర్లకి అంతసేపా? జెట్ విమానం పైన గంటకి 830 దాకా వెళ్తుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. టికెట్ మీద వేసేది ఎగిరే సమయం కాదు. గేటు దగ్గర చక్రాలు కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా మొత్తం. దాన్ని వాళ్లు బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా మెల్లగా పాకడం, వరసలో నిలబడడం, పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువ ఉండడం, దిగిన ఊళ్లో మళ్లీ పాకడం, అన్నీ అందులోనే. వాటి మీద ఇంకో పది పదిహేను నిమిషాలు జాగ్రత్తకి కలుపుతారు. యాభై నిమిషాలు ఆలస్యంగా కదిలిన మా విమానం ముప్పై ఐదు నిమిషాల ఆలస్యంతో చేరింది. మిగిలిన పదిహేను పైలట్ తోలి సంపాదించినవి కావు, టికెట్‌లో ముందే దాచిపెట్టినవి.

అమ్మని ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. పైకి లేచిన కాసేపటికి చిలికా మొత్తం కనిపించింది, పొద్దున కార్లోంచి గంటసేపు చూసినదంతా అరచేతంత అయిపోయింది. "మన ఊరేదిరా" అంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాపు ముందే దించుకుని ఉంటే చాలు. కిటికీకి ఆనించి పట్టుకుంటే నీలం చుక్క మెల్లగా జరుగుతోంది. బరంపురం ఎడమ వైపున యాభై అరవై కిలోమీటర్ల దూరంలో, మంచులాంటి మసకలో ఎక్కడో ఉంది. అంటే ఇంట్లోంచి బయల్దేరిన దాదాపు ఏడు గంటల తర్వాత మళ్లీ ఇంటి ఎదురుగానే ఉన్నాం. అమ్మకి ఈ మాట చెబితే ముక్కూ తల చుట్టూ మళ్లీ మొదలవుతుందని ఊరుకున్నాను. రాయగడ వైపు వచ్చేసరికి చుక్క నేను గీసిన గీతకి కాస్త పక్కగా పోతోంది. కంట్రోలర్లు చెప్పిన దారిలో పోతారు గానీ నా స్కేలు పట్టుకుని పోరు కదా.

అదే ఫోన్‌లో వేగం చూస్తే 750 దగ్గర ఉంది. తిరుగు ప్రయాణంలో, హైదరాబాద్ నుంచి విశాఖకి వస్తూ చూస్తే 900 దాటింది. రెండూ ఒకే రకం విమానాలు. తేడా అంతా గాలిది. చలికాలంలో ఆ ఎత్తున పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది. హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి తోపు. అందుకే ఒకే దూరానికి పోయేటప్పుడు ఒక సమయం, వచ్చేటప్పుడు ఇంకో సమయం రాస్తారు. వానాకాలంలో ఇది తిరగబడుతుంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమటికి గాలి ప్రవాహం ఒకటి ఏర్పడుతుంది. దాన్ని 1958లో ప్రపంచానికి వివరించినవాడు మన తెలుగువాడే, తర్వాత భారత వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్ అయిన పి. కోటేశ్వరం. పేరు మా అబ్బాయి భూగోళం పుస్తకంలో లేదు, ఉండాల్సింది.

నాలుగున్నరకి శంషాబాద్‌లో గేటు దగ్గర ఆగాం. వీల్‌చైర్ వాళ్లని ఎక్కించేటప్పుడు ముందు ఎక్కిస్తారు, దించేటప్పుడు అందరికన్నా ఆఖర్న. విమానమంతా ఖాళీ అయ్యాక, సామాను బెల్టు దగ్గరకి వెళ్లి, బయటపడేసరికి ఐదూ పది. అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గచ్చిబౌలి దాకా హాయిగా వచ్చాం, ఆ తర్వాత మియాపూర్ దాకా సాయంత్రపు ట్రాఫిక్. ఆరున్నరకి పిన్ని గుమ్మంలో దిగాం. సరిగ్గా పది గంటలు. అందులో గాల్లో ఉన్నది గంటా పావు. "విమానంలో వచ్చారా, అయితే అలసట ఉండదు" అని పిన్ని అంటే అమ్మ ఏమీ అనలేదు, కాళ్లు చాపుకుని కురిడీల కథ ఎత్తుకుంది.

వచ్చేటప్పటి సంగతి చెప్పాలి. కిలోమీటర్లు తక్కువ కదా అని ధీమాగా ఉన్నాను. మియాపూర్‌లో ఆరింటికి బయల్దేరి, పది గంటల విమానం, పదకొండుంపావుకి విశాఖ. వెనక గాలి వల్ల గంట కూడా పట్టలేదు గాల్లో. "ఇదేటి, అప్పుడే దించేస్తన్నారు" అంది అమ్మ, చేతిలో నీళ్ల గ్లాసు ఇంకా అలాగే ఉండగా. పన్నెండుంబావుకి రైల్వే స్టేషన్‌లో ఉన్నాం. వందేభారత్ మధ్యాహ్నం మూడు ముప్పావుకి. మధ్యలో ఎక్స్‌ప్రెస్‌లు ఉన్నాయి గానీ వాటిలో సీట్లు లేవు. మూడున్నర గంటలు వెయిటింగ్ హాల్లో. బరంపురం చేరి ఇల్లు తెరిచేసరికి రాత్రి ఎనిమిది. పద్నాలుగు గంటలు. రెండు వందల కిలోమీటర్ల పైన తక్కువ తిరిగి, నాలుగు గంటలు ఎక్కువ పట్టింది.

అయినా అమ్మ విశాఖ దారికే మొగ్గు చూపింది. కార్లో మూడున్నర గంటలు మోకాళ్లు ముడుచుకోవడం కంటే వందేభారత్ సీట్లో కూర్చోవడం నయమట, మధ్యలో లేచి నాలుగడుగులు వేయొచ్చట. వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న పలాసావిడతో జీడిపప్పు ధరలు మాట్లాడుతుంటే టైమే తెలియలేదట.

దారి మంచిదే, నేను పెట్టుకున్న టైములే కలవలేదు. ఇలా రైలూ విమానం విడివిడిగా కొన్నప్పుడు ఒకటి చూసుకోవాలి. ఒకే టికెట్ మీద రెండు విమానాలు మారితే మొదటిది లేటైనప్పుడు రెండోదాని బాధ్యత వాళ్లే చూస్తారు. విమానం లేటై రైలు తప్పిపోతే అడిగే నాథుడు ఉండడు, రైలు లేటై విమానం తప్పినా అంతే. కాబట్టి మధ్యలో రెండున్నర గంటలైనా వదలాలి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్లకి ఎలాగూ విశాఖే దిక్కు. విశాఖ దగ్గరి కొత్త భోగాపురం విమానాశ్రయం మా వైపు నుంచి వచ్చేవాళ్లకి విశాఖ కంటే ముందే తగులుతుంది గానీ రైలు దిగాక అక్కడికి రోడ్డు మీద వెళ్లాలి, ఆ గంట మళ్లీ లెక్కలోకి వస్తుంది.

వచ్చే నెల పిన్ని కూతురి గృహప్రవేశానికి మళ్లీ వెళ్లాలి. ఈసారి పొద్దున్నే భువనేశ్వర్ నుంచి వచ్చే వందేభారత్ బరంపురంలో ఏడు దాటాక ఎక్కితే పదకొండు ప్రాంతానికి విశాఖలో ఉంటాం. విమానం ఒంటిగంటన్నర తర్వాతది చూసి తీశాను. వచ్చేటప్పుడు పదింటిది కాకుండా దాని తర్వాతది, మధ్యాహ్నం పన్నెండుకి కాస్త ముందు విశాఖలో దిగేది దొరికింది. కురిడీలు మాత్రం పిన్నినే కొనమన్నాం, పసుపు అమ్మ అక్కడికెళ్లి రాస్తుందట.